వెయ్యి మీటర్ల ఎత్తు

బుధవారం పొద్దున ఆరున్నరకి, వృద్ధాశ్రమం నేలమాళిగలోని లాండ్రీలో రెండో మిషను తిరగడం ఆపి మూత టక్కున వదిలింది. బుర్గీ ప్లాట్నర్ వంగి లోపలికి చెయ్యి పెట్టబోయింది.

"మీరు ఎత్తకండి, ఉండండి," అంది మిర్యేటా.

రెండేళ్ళుగా రోజూ అదే మాట. తాడులా మెలితిరిగిన తడి దుప్పట్లను మిర్యేటా రెండు చేతులతో లాగి, తొడ మీద ఆనించుకుని, తోపుడు బండిలోకి ఎత్తిపోసింది. బుర్గీ ఎడమ చేత్తో బండి కదలకుండా పట్టుకుంది. ఆమె కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆ భవనంలో మిర్యేటాకి తప్ప ఎవరికీ తెలీదు. బుర్గీ చెప్పలేదు, మిర్యేటా అడగలేదు. ఒక రోజు చూసింది, మర్నాటి నుంచి ఎత్తడం మొదలుపెట్టింది, అంతే.

ఆరిన దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి వాలి బిగించి లాగాలి, సగానికి మడిచి ఒకరికొకరు ఎదురు నడవాలి, ఎవరో ఒకరు చేతులు పైకెత్తి నాలుగు కొసలూ కలిపి పట్టుకోవాలి. ఎత్తేది ఎప్పుడూ మిర్యేటాయే. బుర్గీ గుండెల దగ్గర పట్టుకున్న కొసల్ని ఆమె వేళ్ళలోంచి తనే అందుకుని పైకి తీసుకుపోయేది. బయటనుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ సమానంగా పనిచేస్తున్నట్టే ఉండేది.

దీనికి బదులు ఒకటుంది. మిర్యేటా కూతురు ఎర్జా చదివే బాలవాడి గేటు మూడింటికి పావుగంట ముందే మూసేస్తారు. అందుకని మిర్యేటా రెండున్నరకే వెళ్ళిపోయేది. ఆ అరగంట పొద్దున్నే తీర్చేసేది, ఐదున్నరకల్లా వచ్చి మొదటి మిషను నింపేది. కానీ నడవాలో హాజరు కార్డులు కొట్టే గడియారం ఆరింటికి గాని నిద్రలేవదు. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి బుర్గీ తన కార్డుతో పాటు మిర్యేటా కార్డూ కొట్టేది. ఈ ఏర్పాటు గురించి వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా నోరు విప్పి మాట్లాడుకోలేదు.

ఆ రోజు తొమ్మిదింటికి లిఫ్టు పక్కన బోర్డు మీద రెండు కాగితాలు వెలిశాయి. మొదటిది: రేపు క్రీస్తు స్వర్గారోహణ పండగ సెలవు గనుక సిబ్బందికి వసంతకాలపు విహారం, గాజుసరస్సు దాకా నడక, అందరూ రావాలి. రెండోది దాని కిందే: జూన్ ఒకటి నుంచి లాండ్రీలో ఒకరే పనిచేస్తారు. రెండింటి కిందా డైరెక్టర్ వీజర్ సంతకం ఒకే సిరాతో ఉంది.

వంటవాళ్ళకి పెద్ద ఓట్మార్ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చదివాడు. "అర్థమైంది! ఇద్దరినీ సరస్సులోకి తోస్తారు. తేలినవాళ్ళకి ఉద్యోగం."

"నాకు ఈత రాదు," అంది మిర్యేటా, నిజంగానే అడిగాడేమో అన్నట్టు.

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. బుర్గీ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. ఆమెకి యాభై ఏడు. పింఛనుకి ఇంకా మూడేళ్ళుంది. లేవని చేత్తో ఈ లోయలో మరో లాండ్రీ ఆమెని గుమ్మం కూడా తొక్కనివ్వదు. ఆ మధ్యాహ్నం మూడింటికి రెండు కార్డులూ కొడుతుంటే మొదటిసారి రెండోది వేళ్ళకి వేరేగా తగిలింది.

*

రంపపు మిల్లు దగ్గర కార్లు ఆపి ఏడున్నరకి పదకొండుమంది నడక మొదలుపెట్టారు. మిర్యేటా బెరీషా తెల్లటి గుడ్డబూట్లు వేసుకొచ్చింది.

"సంతకి బయల్దేరారా, బెరీషా గారూ?" అంది పెద్ద నర్సు ట్రౌడల్.

"నా దగ్గర ఇవే ఉన్నాయండీ."

"అయ్యో పాపం," అని ట్రౌడల్ వెనక్కి తిరిగి, అందరూ ఆ బూట్లు చూసేదాకా పక్కకి తప్పుకుని నిలబడింది.

గంటన్నర ఎక్కాక దేవదారుల మధ్య దారి పక్కన నడుమెత్తు రాయి ఒకటి వచ్చింది. దాని మీద ఎర్రరంగుతో వెయ్యి అని రాసి ఉంటుంది. వెయ్యి మీటర్లు. కింద జడ్జీ, గొడ్లకాపరీ ఒకర్నొకరు 'మీరు' అనుకుంటారు. ఆ రాయి దాటాక అందరూ 'నువ్వు'. ఆ లోయలో నువ్వు అనే మాట ఊరికే రాదు. పెద్దవాళ్ళు పిలిచి ఇవ్వాలి. ఇవ్వకుండా చిన్నవాళ్ళు తీసుకుంటే అది తిట్టు. ఇచ్చాక పెద్దవాళ్ళు వెనక్కి తీసుకుంటే అది చెంపదెబ్బ. అంత లెక్క ఉన్న మాటని ఒక్క రాయి దగ్గర మాత్రం అందరికీ పంచిపెడతారు.

డైరెక్టర్ వీజర్ సంచీలోంచి చిన్న చిన్న రేకు గ్లాసులు తీసి, కొండమొక్కల వేళ్ళతో కాచిన సారా పోశాడు. నలభై నాలుగేళ్ళవాడు, జనవరిలో నగరం నుంచి వచ్చాడు, కొండబూట్లు కొత్తవి. పద్ధతి మాత్రం బాగా నేర్చుకుని వచ్చాడు.

"ఇక్కణ్ణుంచి నేను గెర్నోట్‌ని," అని నేరుగా బుర్గీ దగ్గరికి వచ్చాడు, అందరికంటే ముందు. "సీనియర్‌తో మొదలుపెడదాం. నీ పేరు?"

"బుర్గీ," అంది ఆమె. వినబడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

నువ్వు అనుకునే ముందు ఇద్దరూ మోచేతులు మెలేసి తాగాలి. బుర్గీ ఎడమ చెయ్యి చాచింది. "ఓహో, ఎడంచేతి వాటమా!" అని అతను గ్లాసు చెయ్యి మార్చుకున్నాడు. ఆమె పనిలో చేరిన ఇరవై రెండేళ్ళలో నలుగురు డైరెక్టర్లు మారారు. వాళ్ళలో ఒక్కడు కూడా నేలమాళిగ మెట్లు దిగి ఆమెని పేరుపెట్టి పిలవలేదు. ఆమెకి ఒళ్ళంతా వెచ్చబడింది. సారా వల్ల కాదు, సారా ఇంకా గొంతు దిగలేదు.

అందరూ జతలు మార్చుకుంటూ మోచేతులు మెలేస్తున్నారు. మిర్యేటా గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని బుర్గీ ముందుకొచ్చి నిలబడింది, మోచెయ్యి సగం వంచి. నాలుగేళ్ళుగా ఒకే దుప్పటి చెరో వైపు పట్టుకున్న మనిషి. బుర్గీ చూసింది. చూసి, సంచీ తాడు బిగించాలన్నట్టు పక్కకి వంగింది. ఈ రోజున, ఈ కాగితం అంటించిన మర్నాడు, మిర్యేటాకి నువ్వు ఇవ్వడానికి ఎందుకో మనసొప్పలేదు. మిర్యేటా కాసేపు ఆగి నీళ్ళు తాగేసి, గ్లాసు డైరెక్టర్‌కి తిరిగిచ్చింది.

"మీ దయండీ."

"ఆఁ! పట్టేశాను!" అని ఓట్మార్ చప్పట్లు కొట్టాడు. "వెయ్యి పైన మీరు అన్నవాళ్ళ సంచీలో రాయి! ఎవరైనా సరే!"

పిడికిలంత రాయి తెచ్చి ఆమె సంచీలో పడేశారు. మిర్యేటా సిగ్గుపడి నవ్వింది. ఆమెకి ఆ మాట నోరు తిరగదు. పెద్దవాళ్ళని నువ్వు అనడం ఆమె పెరిగిన ఇంట్లో లేదు. ఆ సంగతి అరగంటలో అందరికీ అర్థమైపోయింది. ఆ తర్వాత ఇక అది ఆట కాదు, వేట. "మిర్యేటా, టైమెంత?" అని ట్రౌడల్ అడగడం, "తొమ్మిదిన్నర అండీ" అని నోరు జారడం, ఒక రాయి. "మిర్యేటా, నేను లావెక్కానంటావా?" అని ఓట్మార్ అడగడం, "మీరా? లేదు లేదు" అనడం, ఇంకో రాయి. నోరు విప్పకపోతే, పొగరు చూడు అని ఇంకోటి. ఎత్తు పెరిగినకొద్దీ సంచీ కిందికి వేలాడింది. ఆమె మూతి బిగించి, పట్టీల కింద బొటనవేళ్ళు దూర్చి, తెల్లబూట్లు బురదలో ఈడ్చుకుంటూ నడిచింది.

సరస్సు ఇంకో పావుగంట ఉందనగా, వాగు గండిలో పాత మంచు అడ్డమొచ్చింది. పైన మెత్తబడింది, కింద గట్టిగా ఉంది. ముందువాళ్ళు తన్ని చేసిన మెట్ల మీదుగా ఒక్కొక్కరూ దాటారు. బుర్గీకి మధ్యలో కాలు జారింది, మోకాలు మడత పడింది. పైన ఉన్న ఓట్మార్ కుడివైపు చెయ్యి చాపి, "పట్టుకో" అన్నాడు. ఆ చెయ్యి అందుకోవాలంటే భుజం లేవాలి. అందరూ చూస్తున్నారు. డైరెక్టరూ చూస్తున్నాడు.

మిర్యేటా రెండు మెట్లు వెనక్కి దిగి, బుర్గీకి ఎడమ పక్కన మంచులో మోకాలిదాకా దిగబడి నిలబడింది. "ఇటు ఇవ్వండి. ఈ చెయ్యి. నన్ను పట్టుకోండి." అని నడుం చుట్టూ చెయ్యేసి, అన్ని రాళ్ళతోనూ ఆమెని ఒడ్డెక్కించింది. భుజం సంగతి ఎవరికీ తెలియలేదు.

"ఇవ్వండి, పట్టుకోండి, రెండు!" అని అరిచాడు ఓట్మార్. "బుర్గీ, నిన్నే అంది, రాయి నువ్వే వెయ్యి."

బుర్గీ రొప్పుతూ వంగి, చదునుగా ఉన్న బూడిదరంగు రాయి ఒకటి ఏరింది. డైరెక్టర్ నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వుతూ మిర్యేటా వెనక్కి వెళ్ళి సంచీ మూత ఎత్తి దాన్ని లోపల వేసింది. లోపల రాయి మీద రాయి పడ్డ చప్పుడుకి మిర్యేటా కొంచెం ముందుకి తూలింది.

సరస్సు సగం గడ్డకట్టి, సగం పచ్చగా కరిగి ఉంది. ఒడ్డున రొట్టెలు విప్పారు. పైకి తెచ్చిన రాళ్ళని సరస్సులోకి విసిరేయడం అక్కడి ఆనవాయితీ. ఆ మాట మిర్యేటాకి ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడమే సరదాగా ఉంది. ఆమె అందరికీ దూరంగా కూర్చుని, తడిసిన మేజోళ్ళు తీసి, దుప్పటి పిండినట్టే కొసనుంచి మెలేసి పిండి, ఎండరాయి మీద పరిచింది. సంచీ భద్రంగా పక్కన పెట్టుకుంది.

డైరెక్టర్ వచ్చి బుర్గీ పక్కన చతికిలబడ్డాడు. జేబుకత్తితో పొగబెట్టిన పందిమాంసం పల్చగా కోస్తూ అన్నాడు, "నీ స్థానంలో నేనుంటే నిద్ర పట్టేది కాదు, బుర్గీ."

"నాకూ పట్టడం లేదు."

"నిర్ణయం నాదే. కానీ కాగితాలు చూస్తే ఇద్దరికీ తేడా లేదు. ఆవిడ చిన్నది, చురుకు. నువ్వు సీనియర్‌వి. నేను నిన్నే ఉంచుకోవాలనుకున్నాననుకో, పైవాళ్ళకి ఏం చూపించను? నువ్వే చెప్పు."

అతను మొహంలోకి చూసి అడిగాడు, పేరుపెట్టి అడిగాడు. బుర్గీ మిర్యేటా వైపు చూసింది. ఎండలో పాదాలు ఆరబెట్టుకుంటోంది, మడమ దగ్గర తోలు లేచింది.

"కాగితాల్లో తేడా లేదులే," అంది బుర్గీ. "కాగితాల్లో."

అతను కత్తి ఆపాడు.

"ఆమె రెండున్నరకి వెళ్ళిపోతుంది."

"రోజూనా?"

"రోజూ."

"కార్డు మూడింటికి పడుతోందే?"

బుర్గీ నీళ్ళ వైపు చూసింది. ఐదున్నరకి వస్తుందన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. "సరస్సు ఈ ఏడు తొందరగా కరిగింది," అంది.

కార్డు ఎవరు కొడుతున్నారని అతను అడగలేదు. కోసిన ముక్క కత్తిమొనతో ఆమె రొట్టె మీద పెట్టాడు. అడగకపోవడం అతని పెద్దమనిషితనం అనుకుంది బుర్గీ. ఆ ముక్క చాలాసేపు నమిలింది.

దిగేటప్పుడు, వెయ్యి రాయి దాటాక కూడా, మిర్యేటా సంచీ అలాగే బరువుగా వేలాడుతోంది. రంపపు మిల్లు దగ్గర కార్లెక్కేదాకా మోసింది. అప్పుడు ఓట్మార్ చెప్పాడు, వాటిని పైనే పారేయాలని. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ రోజుకల్లా గొప్ప నవ్వు అదే.

*

శుక్రవారం పొద్దున లాండ్రీ బయటి తలుపు దగ్గర డైరెక్టర్ ఇద్దరు కొత్తమనుషులతో నిలబడి ఉన్నాడు. వాళ్ళలో ఒకడు టేపు పెట్టి తలుపు వెడల్పు కొలుస్తున్నాడు. బుర్గీ ఇస్త్రీ బట్టల బండి తోసుకుంటూ వచ్చి, నిన్నటి వెచ్చదనం ఇంకా ఒంట్లో ఉండగా, నడవా అంతా వినబడేలా పలకరించింది.

"ఏం గెర్నోట్, కాళ్ళు పట్టేశాయా నీకు?"

టేపు పట్టుకున్నవాడు తలెత్తాడు. మందుల పళ్ళెంతో వెళ్తున్న ట్రౌడల్ ఆగిపోయింది.

"శుభోదయం, ప్లాట్నర్ గారూ," అన్నాడు డైరెక్టర్. వాళ్ళని రెండడుగులు ముందుకి పంపి, వెనక్కొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "కొండ మీది మాట కొండ మీదే ఉంటుందండీ. మీకు తెలుసనుకున్నాను."

ఆ లోయలో పుట్టినవాళ్ళెవరూ అలా అనరు. కొండ మీద ఇచ్చింది కిందకి దిగాక మోయలేనివాళ్ళు అసలు ఇవ్వరు. నేర్చుకుని వచ్చిన పద్ధతిలో ఆ సగం అతనికి తెలీదో, తెలిసే అన్నాడో. బుర్గీ చెవులు కాలిపోయాయి. ట్రౌడల్ పళ్ళెంలోని సీసాలు గలగలమన్నాయి, నవ్వు ఆపుకుంటోంది.

బయటివాళ్ళు ఉన్నారు కదా, అందుకే అలా అన్నాడు. బుర్గీ తనకి తాను అలా చెప్పుకుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చెప్పుకుంటూనే ఉంది.

కింద మిర్యేటా మడమలకి పట్టీలు వేసుకుని పనిచేస్తోంది. నిన్నటి చదును రాయి ఇంటినుంచి తెచ్చి, ఫ్యాను గాలికి ఎగిరిపోయే బట్టల చీటీల మీద బరువు పెట్టింది. "చూశారా, పనికొచ్చింది," అని నవ్వింది. దుప్పటి కొసలు బుర్గీ వేళ్ళలోంచి అందుకుని పైకెత్తింది. రెండున్నరకి చేతులు తుడుచుకుని, "వెళ్ళొస్తానండీ. మీరు అవి ఎత్తకండి, సోమవారం నేను చూసుకుంటాను," అని వెళ్ళిపోయింది.

మూడింటికి బుర్గీ గడియారం ముందు రెండు కార్డులతో నిలబడింది. తనది కొట్టింది. రెండోది కొట్టకపోతే, తనే చెప్పిందని మిర్యేటాకి తెలిసిపోతుంది. కొట్టింది.

*

సోమవారం తొమ్మిదింటికి పైనుంచి మిర్యేటాకి పిలుపొచ్చింది. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చింది. మొహంలో ఏమీ లేదు. "మిమ్మల్ని రమ్మన్నారు," అని మాత్రం అంది. అంటూ బుర్గీ వైపు చూడలేదు.

"కూర్చోండి, ప్లాట్నర్ గారూ," అన్నాడు డైరెక్టర్. బల్ల మీద అచ్చువేసిన కాగితాల బొత్తి ఉంది. "సూటిగా అడుగుతాను. బెరీషా గారి కార్డు మూడింటికి ఎవరు కొడుతున్నారు?"

"అదేంటి గెర్నోట్, నువ్వే కదా..."

"మీరు," అన్నాడు అతను, పిల్లల తప్పు దిద్దినట్టు. "ఆవిడ రెండున్నరకి వెళ్ళిపోతుందని చెప్పింది మీరే. మూడింటికి ఆవిడ ఇక్కడ లేకపోతే, కొట్టే చెయ్యి ఇంకెవరిది? లాండ్రీలో ఉన్నది ఇద్దరే."

బుర్గీకి అప్పుడు సరస్సు ఒడ్డు గుర్తొచ్చింది. అతను అడగని ఆ ప్రశ్న. అడగాల్సిన అవసరం లేక అడగలేదు.

"ఆమె పొద్దున ఐదున్నరకే వస్తుంది," అంది బుర్గీ. "ఆ అరగంట ముందే చేసేస్తుంది. రోజూ."

"అలాగా. ఆ మాట గురువారం చెప్పలేదే?"

బుర్గీ బల్ల మీది కాగితాల వైపు చూసింది.

"బెరీషా గారు మీకేమీ సంబంధం లేదన్నారు. మూడింటికి నడవాలో వెళ్ళేవాళ్ళెవరినో బతిమాలి కొట్టించుకున్నానన్నారు. చాలాసేపు అదే మాట మీద ఉన్నారు. ఇక లాభం లేక, నాకు చెప్పింది ఎవరో నేను చెప్పాల్సి వచ్చింది." అతను కాగితాల అంచులు బల్ల మీద తట్టి సరిచేశాడు. "ఇద్దరి మీదా ఒకటే చర్య. నెలాఖరు దాకా పనిచెయ్యండి. ఒకటో తారీకు నుంచి బట్టలకి ఊళ్ళోంచి వ్యాను వస్తుంది."

"మరి ఆ ఒక్క ఉద్యోగం?"

"దాని అవసరం ఇప్పుడు లేదండీ."

నేలమాళిగ మెట్లు పదహారు. ఎప్పుడూ లెక్కపెట్టని మనిషి ఆ రోజు లెక్కపెట్టుకుంటూ దిగింది. ఏం చెప్పాలో వెతుక్కుంటూ దిగింది. మూడేళ్ళే మిగిలాయని చెప్పాలా? చెయ్యి లేవదని చెప్పాలా? ఆ రెండూ మిర్యేటాకి తెలుసు. ఇంకేమీ లేదు చెప్పడానికి.

మిర్యేటా ఆరిన దుప్పట్ల గుట్ట ముందు నిలబడి ఉంది. బుర్గీ లోపలికి రాగానే ఒకటి తీసి విదిలించి రెండు కొసలు చాచింది. బుర్గీ అలవాటుగా మిగతా రెండూ పట్టుకుంది. వెనక్కి వాలి లాగారు. సగానికి మడిచారు. ఎదురెదురు నడిచారు. ఇరవై రెండేళ్ళ పని గనుక కాళ్ళు వాటంతట అవే నడిచాయి. మిర్యేటా ఇంకా ఈ పని చేస్తోంది, ఇంకా తనతో చేస్తోంది అనుకుంది బుర్గీ. మాట్లాడదామని నోరు తెరిచింది.

మిర్యేటా మధ్యలో ఆగిపోయింది. చేతులు పైకెత్తలేదు. బుర్గీ గుండెల దగ్గర పట్టుకున్న కొసల్ని అందుకోలేదు. తన చేతిలోని కొసలు కూడా తెచ్చి ఆమె వేళ్ళ మధ్య పెట్టి, నాలుగూ అప్పజెప్పి, వదిలేసింది. దుప్పటి బరువంతా బుర్గీ చేతుల మీదికి వచ్చింది, కింది అంచు నేలకి తగిలింది.

బుర్గీ కుడి చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. ఆమె మిర్యేటా మొహంలోకి చూసింది.

"ఎత్తు," అంది మిర్యేటా.